బురద వయసు

పెన్న, చిత్రావతి రెండూ నంది కొండల వైపే పుడతాయి. పెన్న గౌరిబిదనూరు దాటి హిందూపురం పక్కన ఆంధ్రలోకి వస్తుంది. చిత్రావతి బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా ధర్మవరం వైపు సాగుతుంది. ఈ రెండు నదుల నడుమ మెట్టలో ఉంది చెన్నేకొత్తపల్లి, మన నోట సీకేపల్లి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఆ నదుల్లో నీళ్ల కంటే ఇసుక కనిపించే నెలలే ఎక్కువ.

నదులు పుట్టే ఆ ఎగువ సీమలో కొన్నేళ్లుగా కొత్త నీళ్లు కనిపిస్తున్నాయి. బెంగళూరు నగరపు మురుగును శుద్ధి చేసి, పంపులతో ఎత్తి, ఎండిన చెరువులకు వదులుతున్నారు. కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద 440 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 44 కోట్ల లీటర్లు, కోలారు వైపు పంపాలన్నది లెక్క. 2018 జూన్‌లో మొదటి నీళ్లు కోలారు జిల్లా లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. హెబ్బాళ–నాగవార లోయ పథకం మరో 210 ఎంఎల్‌డీతో చిక్కబళ్లాపురం వైపు చెరువులను నింపడానికి వచ్చింది. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్ల చెరువుల్లోకి ఆ నీళ్లు దిగిన కొద్ది వారాలకే, 2018 జులైలో, నురగ కనిపించింది. వ్యవహారం హైకోర్టుకూ ఆ తర్వాత సుప్రీంకోర్టుకూ వెళ్లింది. కొంతకాలం నీళ్లు ఆపారు, మళ్లీ వదిలారు. ఈ నీళ్లను నమ్మవచ్చా అన్న ప్రశ్న అక్కడి రైతులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. రేపు హిందూపురం, ధర్మవరం మురుగు విషయంలో మనమూ అడగాల్సిన ప్రశ్నే అది.

దానికి జవాబు శుద్ధి కేంద్రం ఎంత ఖర్చుతో కట్టారన్న దాంట్లో దొరకదు. కట్టిన తర్వాత లోపల బతికే సూక్ష్మజీవులను రోజూ ఎవరు, ఎలా చూసుకుంటున్నారన్న దాంట్లో దొరుకుతుంది. 2020–21 నాటికి దేశంలోని పట్టణాల్లో 72,368 ఎంఎల్‌డీ మురుగు పుడుతోందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క వేసింది. కట్టిన శుద్ధి సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీ. నిజంగా శుద్ధి అయింది 20,236 ఎంఎల్‌డీ. కట్టినదాంట్లోనే మూడోవంతుకు పైగా అప్పటికి ఉపయోగపడలేదన్నమాట. కాంక్రీటు కొరత గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నడపడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అందుకే ఈ వ్యాసం నడపడం గురించి.

మురుగు శుద్ధిలో ప్రపంచమంతా ఎక్కువగా వాడే పద్ధతి యాక్టివేటెడ్ స్లడ్జ్. ఇది 1914 ఏప్రిల్ 3న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో లోకానికి తెలిసింది. ఆ నగరపు డేవీహ్యూమ్ మురుగు కేంద్రంలో పనిచేసే ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరు రసాయనవేత్తలు తమ ప్రయోగాలను ఆ రోజు వివరించారు. సీసాలో మురుగు పోసి గాలి ఊదుతూ పోతే అది పూర్తిగా శుభ్రపడటానికి మొదటిసారి సుమారు ఐదు వారాలు పట్టింది. అంతకుముందు ఇలాంటి ప్రయోగాలు చేసినవాళ్లు అడుగున మిగిలిన బురదను పారబోసేవాళ్లు. వీళ్లు పైనున్న తేట నీళ్లను మాత్రం వంచేసి, బురదను సీసాలోనే ఉంచి, దానిమీద కొత్త మురుగు పోశారు. మళ్లీ గాలి, మళ్లీ వంచడం. విడత విడతకూ బురద పెరిగింది, సమయం తగ్గింది. వారాలు పట్టే పని చివరికి కొన్ని గంటల్లోకి వచ్చింది. బురదలో ఉన్నవి బతికున్న బ్యాక్టీరియా గుంపులు. వాటిని పారేయకుండా పోగేసుకోవడమే ఈ పద్ధతి మొత్తానికీ ప్రాణం.

వాళ్లకు దారి చూపిన గురువు గిల్బర్ట్ ఫౌలర్. 1912లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లారెన్స్ ప్రయోగశాలలో చూసిన పని ఆయన మనసులో పడింది, తిరిగొచ్చి దాన్ని మాంచెస్టర్‌లో మొదలుపెట్టించారు. ఆ ఫౌలరే 1916లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఆచార్యుడిగా వచ్చారు. అంటే ఈ విద్య పుట్టిన రెండేళ్లకే దాని మూలపురుషుల్లో ఒకరు మన పొరుగు నగరంలో పాఠం చెబుతున్నారు. ఇది మన ఎగువ చెరువుల కథకు ముందున్న అధ్యాయం. చాలామందికి తెలియదు గనుక ఇక్కడ ఆగి చెప్పాను.

ఇప్పుడు కేంద్రం లోపలికి వద్దాం. చెత్త, ఇసుక తీసేశాక మురుగు ఏరేషన్ ట్యాంకులోకి వస్తుంది. అడుగు నుంచి బ్లోయర్లు గాలి ఊదుతుంటాయి. బ్యాక్టీరియా మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తిని, పెరిగి, ఒకదానికొకటి అంటుకుని గోధుమరంగు రేణువుల గుంపులవుతాయి. ఆ నీళ్లు పక్కనున్న క్లారిఫయర్‌లోకి వెళ్తాయి. అక్కడ గాలి ఉండదు, కదలిక తక్కువ. గుంపులు అడుగుకు దిగుతాయి, పైన తేటనీరు పొర్లి బయటికి పోతుంది. అడుగు బురదలో ఎక్కువ భాగాన్ని పంపుతో తిరిగి ఏరేషన్ ట్యాంకుకు పంపుతారు. కొంత బురదను మాత్రం రోజూ పూర్తిగా బయటికి తీసేస్తారు. తినడం, దిగడం, తిరిగిరావడం, కొంత తీసేయడం. ఈ నాలుగింటిలో ఆపరేటరు చేతిలో ఉండే పిడులు మూడే: గాలి ఎంత, తిరిగొచ్చే బురద ఎంత, తీసేసే బురద ఎంత. మురుగు ఎంత వస్తుందో, ఎంత చిక్కగా వస్తుందో ఆయన చేతిలో లేదు.

మూడు పిడుల్లో అన్నిటికంటే బలమైనది చివరిది. చూడటానికి అన్నిటికంటే సాదాగా కనిపించేదీ అదే. జీవాలు మేపేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. మందలో ఏటా పదోవంతు జీవాలను అమ్ముతూ, పుట్టే పిల్లలతో మంద పరిమాణం నిలబెట్టుకుంటే ఒక్కో జీవం సగటున పదేళ్లు మందలో ఉన్నట్టు. సగం అమ్మితే రెండేళ్లే. తొందరగా ఈనే జాతులు అంత అమ్మకాన్ని తట్టుకుంటాయి, నిదానంగా ఈనే జాతి మందలోంచి మాయమవుతుంది. ట్యాంకులోనూ అంతే. లోపలున్న బురద మొత్తాన్ని రోజూ బయటికి పోయే బురదతో భాగిస్తే వచ్చేది బురద వయసు, రోజుల్లో. ఏ జాతి బ్యాక్టీరియా లోపల నిలుస్తుందో, ఏది కొట్టుకుపోతుందో నిర్ణయించేది ఈ ఒక్క అంకె.

ఒక ఊహా పట్టణంతో లెక్క వేసి చూద్దాం. యాభై వేల జనాభా, మనిషికి వంద లీటర్ల మురుగు అనుకుంటే 5 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 5,000 ఘనమీటర్లు. ఏరేషన్ ట్యాంకు 2,000 ఘనమీటర్లు. లీటరు నీళ్లలో 3 గ్రాముల బురద ఉంటే ట్యాంకులో మొత్తం 6,000 కిలోలు. బురద వయసు పది రోజులు కావాలంటే రోజుకు 600 కిలోలు బయటికి పోవాలి. క్లారిఫయర్ మీదుగా పొర్లే నీళ్లలో లీటరుకు 20 మిల్లీగ్రాముల చొప్పున రేణువులు పోతే అదే రోజుకు 100 కిలోలు. మిగిలిన 500 కిలోలు మనం తీయాలి. తిరిగొచ్చే బురద లీటరుకు 8 గ్రాముల చిక్కదనంతో ఉంటే అది 62 ఘనమీటర్లు. ఇంతే లెక్క. ఈ లెక్క కోసం తీసే పంపు దగ్గర ఒక మీటరు ఉండాలి, దాని అంకె రోజూ రిజిస్టరులోకి ఎక్కాలి. తిరిగొచ్చే బురద పంపును పెంచినా తగ్గించినా ఈ వయసు మారదు. అది బురదను క్లారిఫయర్ నుంచి ట్యాంకుకు మార్చడమే తప్ప కేంద్రం దాటించదు. దీన్ని గుర్తించక తిరిగొచ్చే పంపుతోనే అన్ని జబ్బులకూ మందు వేసే కేంద్రాలు చాలా ఉంటాయి.

వయసు ఎంచుకోవడంలో వేడి పాత్ర పెద్దది. మురుగులోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా వేరే జాతి, అవి నిదానంగా పెరుగుతాయి. నీళ్లు 20 డిగ్రీల వేడిలో ఉంటే వాటి గరిష్ఠ పెరుగుదల రోజుకు తమ బరువులో 0.8 వంతు చుట్టూ ఉంటుందని గణిత మోడళ్లలో తీసుకుంటారు, 10 డిగ్రీల్లో 0.3. చచ్చిపోయేవాటిని తీసేస్తే చల్లటి దేశాల్లో శీతాకాలంలో కనీసం నాలుగు రోజుల వయసు లేకపోతే అవి నిలవవు. 20 డిగ్రీల దగ్గర ఒకటిన్నర రోజు చాలు. మన దగ్గర నీళ్లు ఏడాదిలో చాలా భాగం 25 డిగ్రీలు దాటి ఉంటాయి కాబట్టి మూడు రోజుల వయసులోనే, మనం పిలవకున్నా, ఆ జాతి వచ్చి కూర్చుంటుంది. వస్తే మంచిదే, చెరువులోకి అమ్మోనియా పోకుండా ఆపుతుంది. కానీ అది ఊరికే పనిచేయదు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ తాగుతుంది. మన ఊహా పట్టణంలో సేంద్రియ పదార్థానికి రోజుకు సుమారు 1,250 కిలోల ఆక్సిజన్ కావాలనుకుంటే, అమ్మోనియా కోసం ఇంకో 700 కిలోల దాకా తోడవుతుంది. డిజైన్ చేసినవాళ్లు ఈ రెండోదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే బ్లోయర్లు ఎంత తిరిగినా ట్యాంకులో గాలి చాలదు.

గాలి అంటే కరెంటు. ఇలాంటి కేంద్రాల కరెంటు ఖర్చులో సగం, చాలాచోట్ల అంతకంటే ఎక్కువ, బ్లోయర్లదే. అందుకే ఎంత ఊదాలన్నది రోజువారీ నియంత్రణలో మొదటి ప్రశ్న. ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉంచమని పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ 2 ఎక్కడిది? అమ్మోనియా బ్యాక్టీరియా వేగం సగానికి పడిపోయే ఆక్సిజన్ స్థాయిని 0.4 మిల్లీగ్రాములుగా తీసుకుంటారు. దాని ప్రకారం 0.5 దగ్గర అవి 56 శాతం వేగంతో పనిచేస్తాయి, 2 దగ్గర 83 శాతం, 4 దగ్గర 91 శాతం. రెండు నుంచి నాలుగుకు పెంచితే దొరికేది 8 శాతమే. మరి ఖర్చు? 30 డిగ్రీల నీళ్లు సముద్రమట్టం దగ్గర లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజనే పట్టుకోగలవు, ఎత్తున ఉన్న మన వైపు ఇంకాస్త తక్కువ. గాలి నీళ్లలోకి కరిగే వేగం ఆ 7.5కూ ట్యాంకులో ఉన్నదానికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. రెండు దగ్గర తేడా 5.5, నాలుగు దగ్గర 3.5. అదే ఆక్సిజన్ అందించడానికి సగానికి పైగా అదనపు గాలి ఊదాలి. వేడి దేశంలో బ్యాక్టీరియా ఆకలి ఎక్కువ, నీళ్లు పట్టుకునే ఆక్సిజన్ తక్కువ. చల్లటి దేశాల్లో కుదిరిన అంకెలను తెచ్చి యథాతథంగా ఇక్కడ పెట్టకూడదనడానికి కారణం ఇదే.

కొన్ని కేంద్రాల్లో ఆక్సిజన్ మీటరు చూసి కంప్యూటరే బ్లోయరు వేగం మారుస్తుంది. ఇంకో మెట్టు పైన, అమ్మోనియా మీటరు చూసి ఆక్సిజన్ ఎంత ఉంచాలో నిర్ణయిస్తారు. రాత్రి రెండింటికి ఊరు నిద్రపోతున్నప్పుడు మురుగు పలచబడుతుంది, అప్పుడు గాలి తగ్గించుకోవచ్చు. గాలి నిమిషాల్లో ఫలితం చూపే పిడి. తిరిగొచ్చే బురద గంటల్లో చూపుతుంది. తీసేసే బురద మాత్రం రోజుల్లో, వారాల్లో చూపుతుంది. బురద వయసు పది రోజులున్న కేంద్రంలో ఇవాళ చేసిన మార్పు పూర్తిగా బయటపడటానికి ఇరవై, ముప్పై రోజులు పడుతుంది. ఓపిక లేని ఆపరేటరు సోమవారం పెంచి, బుధవారం తగ్గించి, శనివారం మళ్లీ పెంచుతాడు. అప్పుడు ఏ మార్పుకు ఏ ఫలితం వచ్చిందో ఎవరికీ తెలియదు.

ఈ నియంత్రణలో అతి చవకైన పరికరం ఒక లీటరు గాజు కొలపాత్ర. ట్యాంకు నీళ్లు నింపి అరగంట కదిలించకుండా ఉంచితే బురద ఎంతవరకు దిగిందో కనిపిస్తుంది. 300 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగి, లీటరుకు 3 గ్రాముల బురద ఉంటే, గ్రాము బురద 100 మిల్లీలీటర్ల చోటు తీసుకున్నట్టు. అది ఆరోగ్యం. 150 దాటిందంటే దారాల్లా పెరిగే బ్యాక్టీరియా ఎక్కువయ్యాయేమోనని అనుమానించాలి. గాలి తక్కువైనా, మురుగు కాలువల్లోనే కుళ్లి సల్ఫైడుతో వచ్చినా, ఫ్యాక్టరీ నీళ్లలో నత్రజని, భాస్వరం చాలకపోయినా ఆ దారాలు విజృంభిస్తాయి. అప్పుడు బురద దిగదు, తేటనీళ్లతో పాటు పొర్లిపోతుంది.

ఇంకో జబ్బు పైకి ఇలాగే కనిపిస్తుంది, లోపల వేరు. మధ్యాహ్నం ఎండ వేళ క్లారిఫయర్‌లో బురద గడ్డలు గడ్డలుగా పైకి తేలుతుంది. కొలపాత్రలో అయితే అరగంటకు చక్కగా దిగుతుంది, అక్కడే ఇంకో గంటో రెండు గంటలో వదిలేస్తే ఒక్కసారిగా పైకి లేస్తుంది. నైట్రేటు నుంచి పుట్టిన నత్రజని వాయు బుడగలు దాన్ని ఎత్తుతున్నాయి. మొదటి జబ్బుకు గాలి పెంచాలి లేదా కాలువల సంగతి చూడాలి. రెండోదానికి గాలి పెంచితే ఇంకా చెడుతుంది. అక్కడ బురదను క్లారిఫయర్ నుంచి త్వరగా వెనక్కి లాగాలి, వయసు తగ్గించాలి, వీలైతే ట్యాంకు మొదట్లో గాలి లేని అర ఒకటి పెట్టి నైట్రేటును అక్కడే వాయువుగా వదిలించాలి. అలా వదిలించినప్పుడు గ్రాము నత్రజనికి 2.86 గ్రాముల ఆక్సిజన్ తిరిగి కలిసొస్తుంది కూడా. ఒకే రకంగా కనిపించే రెండు రోగాలకు ఎదురెదురు మందులు. ఆ తేడా తేల్చేది గాజుపాత్ర పక్కన ఇంకో గంట ఓపికగా నిలబడటమే.

ఇక నురగ. తెల్లటి పలచటి నురగ సబ్బు, డిటర్జెంటు సరిగా విరగనప్పుడో, బురద మరీ లేతగా ఉన్నప్పుడో వస్తుంది. గోధుమరంగు జిడ్డు నురగ కొన్ని రకాల దారపు బ్యాక్టీరియా పని. కోలారు చెరువుల నురగ చూసి భయపడిన రైతులది సహజమైన భయం. నురగ ఒక్కటే ప్రమాదానికి కొలత కాదు, అది లేకపోవడం భరోసా కూడా కాదు. కంటికి కనిపించని అమ్మోనియా, మలసంబంధ బ్యాక్టీరియా, లోహాలు పరీక్షల్లోనే బయటపడతాయి.

మోడళ్ల సంగతి ఇక్కడ వస్తుంది. పైన చెప్పినవన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకున్నవి. బురద వయసు పదినుంచి ఇరవై రోజులకు పెంచితే మన ఊహా పట్టణపు ట్యాంకులో 6,000 కిలోల బురద 10,000 దాటుతుంది, దాంతో క్లారిఫయర్ మీద బరువు పెరుగుతుంది, గాలి అవసరం పెరుగుతుంది, తీసేసే బురద మాత్రం తగ్గుతుంది. ఏది ఎంత అన్నది మనసులో లెక్క కట్టడం కష్టం. 1987లో డెన్మార్కుకు చెందిన మోగెన్స్ హెన్జే నాయకత్వంలో ఐదుగురు నిపుణుల బృందం ఏఎస్‌ఎం1 (యాక్టివేటెడ్ స్లడ్జ్ మోడల్ 1) అనే గణిత మోడల్ ప్రచురించింది. అప్పటిదాకా ఒక్కో పరిశోధకుడిది ఒక్కో భాష, ఒక్కో గుర్తు. వాళ్లు అన్నిటినీ ఒకే పట్టికలోకి తెచ్చారు. 13 పదార్థాలు, 8 ప్రక్రియలు. ఒక్కో అడ్డవరుస ఒక ప్రక్రియ: గాలితో పెరగడం, గాలి లేకుండా నైట్రేటుతో పెరగడం, చావడం, గట్టి పదార్థం కరిగి మెత్తబడటం, ఇలా. ఒక్కో నిలువువరుస ఒక పదార్థం. ప్రక్రియ జరిగినప్పుడు ఏది ఎంత తగ్గి ఏది ఎంత పెరుగుతుందో ఆ రెండూ కలిసే గడిలో ఉంటుంది.

ఈ పట్టికలో నాకు నచ్చే గుణం దాని నిజాయితీ. వంద పాళ్ల ఆహారం తింటే 67 పాళ్లు బ్యాక్టీరియా ఒంటికి పట్టిందని అంటే, మిగిలిన 33 పాళ్లకు ఆక్సిజన్ ఖర్చు చూపాల్సిందే. ఏదీ గాల్లోంచి పుట్టదు, ఎక్కడా మాయం కాదు. వేగాల కోసం ఫ్రెంచి జీవశాస్త్రవేత్త జాక్ మోనో 1940లలో ఇచ్చిన సూత్రం వాడారు. పైన ఆక్సిజన్‌కు 56, 83, 91 శాతాలని వేసిన లెక్క ఆ సూత్రమే. తర్వాత భాస్వరం కోసం ఏఎస్‌ఎం2, ఏఎస్‌ఎం1నే మెరుగుపరిచి ఏఎస్‌ఎం3 వచ్చాయి. యూరప్ పరిశోధకులు ఐదు ట్యాంకుల ఊహా కేంద్రం ఒకటి తయారుచేసి అందరికీ ఇచ్చారు. ఎవరు ఏ నియంత్రణ పద్ధతి కనిపెట్టినా అదే ట్యాంకుల మీద, అదే 14 రోజుల మురుగు లెక్కల మీద పరీక్షించుకోవాలి. లేకపోతే ఎవరి పద్ధతి వాళ్లకు గొప్పగానే కనిపిస్తుంది.

మోడల్ చేయలేనివి కూడా చెప్పాలి. దారాల బ్యాక్టీరియా ఎప్పుడు విజృంభిస్తుందో అది నమ్మకంగా ముందే చెప్పలేదు. మురుగును అది నాలుగు రకాలుగా విడదీసి అడుగుతుంది: వెంటనే తినగలిగేది, నిదానంగా తినగలిగేది, కరిగి ఉన్నా ఎప్పటికీ తినలేనిది, రేణువుగా ఉండి తినలేనిది. మన పట్టణాల్లో మురుగు చాలావరకు సెప్టిక్ ట్యాంకుల మీదుగా, తెరిచిన కాలువల్లో ఎండకు కాగుతూ వస్తుంది. వెంటనే తినగలిగే భాగం దారిలోనే ఖర్చయిపోతుంది. విదేశీ పుస్తకంలోని వాటాలు పెడితే జవాబు అందంగా ఉంటుంది, తప్పుగా ఉంటుంది. మన మురుగును మనమే కొలవాలి.

ఈ పద్ధతి వల్ల కాని పనులు కొన్ని ఉన్నాయి. ఉప్పు పోదు. రోగకారక క్రిములు తగ్గుతాయిగానీ పూర్తిగా పోవు, తర్వాత వడపోత, క్లోరిన్ లాంటివి కావాలి. కోలారులో ఈ రెండో దశ శుద్ధి చాలదు, వడపోత లాంటి మూడో దశ కావాలని అడిగినవాళ్ల వాదన ఇదే, అందులో బలం ఉంది. నీళ్లలో మిగిలిన సేంద్రియ పదార్థానికి కొలత అయిన బీవోడీ మహానగరాల్లో లీటరుకు 20, మిగతా చోట్ల 30 మిల్లీగ్రాములు దాటకూడదని 2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ ప్రమాణం పెడితే, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10 కావాలంది. చెరువులోంచి బోర్లకు దిగే నీళ్ల విషయంలో నేను ట్రిబ్యునల్ వైపే.

ధర్మవరానికి ఇది మరీ దగ్గరి సంగతి. అక్కడ పట్టు నూలుకు వేసే రంగుల్లో చాలావాటిని గాలితో బతికే బ్యాక్టీరియా విరగ్గొట్టలేదు. కొంత రంగు బురదకు అంటుకుంటుంది, మిగతాది తేటనీళ్లతో బయటికి పోతుంది. అద్దకం నీళ్లను ఇళ్ల మురుగులో కలిపితే రెండూ పాడవుతాయి: నీళ్లకు రంగు మిగులుతుంది, బురద పొలానికి పనికిరాకుండా పోతుంది. అద్దకాల నీళ్లను వేరే గొట్టంలో వేరే శుద్ధికి పంపాలన్న నిర్ణయం పైపులు పాతక ముందే జరగాలి.

ఏ పట్టణంలోనైనా కేంద్రం మొదలైన రోజు నుంచి నాలుగు అంకెలు రాస్తే చాలు: వచ్చిన మురుగు, ట్యాంకులో బురద చిక్కదనం, అరగంట పరీక్ష, తీసేసిన బురద ఘనమీటర్లు. ఏఎస్‌ఎం1 పట్టిక దాచిపెట్టిన రహస్యం కాదు, ఎవరైనా తీసి వాడుకోవచ్చు. ఆరు నెలల రిజిస్టరు చేతిలో ఉంటే అనంతపురం జేఎన్‌టీయూలో సివిల్ చదివే విద్యార్థులు దాన్ని కంప్యూటరులో పెట్టి, ఎండాకాలంలో ఎన్ని బ్లోయర్లు చాలుతాయో, బురద వయసు ఎనిమిది రోజులకు దించితే ఏమవుతుందో మునిసిపాలిటీకి చెప్పగలరు. నాలుగో అంకె లేని రిజిస్టరుతో మాత్రం ఆ పని కుదరదు. అందుకే టెండరు పత్రం రాసేటప్పుడే, బురద తీసే పంపు మీద మీటరు ఉండాలని, దాని అంకె రోజూ రాయాలని ఒక వాక్యం చేర్పించాలి.